‘అయిపోయింది’ గూటిలోని ఉత్తరం

పోయిన వారం జెనలిన్ చేతిలో పెన్ను పెట్టి వదిలేశాం. ఆ పెన్ను ఇంకా కాగితాన్ని తాకలేదు.

అది సంజాయిషీ కాగితం. మనీలాలో కలావ్ వీధిలో, ఓడలకు పనివాళ్ళను పంపే కంపెనీ నాలుగో అంతస్తులో, ఆమె బల్ల మీద ఉంది. ఐదు రోజుల్లో జవాబివ్వమన్నారు. ఇవాళ మూడో రోజు. జవాబు రాసే శ్రమ కూడా ఆమెకు లేకుండా మేనేజరు ఒనోఫ్రె తానే టైపు చేయించి పెట్టాడు. ఒకటే వాక్యం. “ఆంబర్ హెరన్ ఓడ సరంగు ఫెలిమోన్ సుమగాయ్‌సాయ్ ఫిబ్రవరి తొమ్మిదిన పంపిన మెయిల్ తర్వాత, ఆ విషయం మీద అతని నుంచి మరే మెయిలూ రాలేదు.” కింద సంతకానికి ఒక గీత.

పన్నెండు రోజుల కింద ఆ ఓడలో లైఫ్‌బోటు డ్రిల్లు జరిగింది. గాలిలో వేలాడుతున్న పడవ వెనక కొక్కెం ఊడిపోయింది. పడవ ఒక పక్కకు జారి, లోపల ఉన్న ఫెలిమోన్‌ని రేవు గోడకేసి కొట్టింది. మనిషి బతికాడు. నడుం కింద స్పర్శ లేదు. పరాయి దేశం ఆసుపత్రిలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కొక్కేలు చూసుకోవడం డెక్కు పనివాళ్ళ పెద్దగా సరంగు పనేగదా, ఒకసారి రాసి ఊరుకున్నాడంటే తనే బాగుచేసుకున్నాడని మేము అనుకున్నాం, అంటోంది కంపెనీ. ఆ మాట నిలబడాలంటే జెనలిన్ సంతకం కావాలి. ఎందుకంటే ఓడల నుంచి వచ్చే ప్రతి మెయిలూ ఆమె చేతిమీదుగానే పోతుంది.

సంతకం పెట్టడంలో ఆమెకు అబద్ధమేమీ కనపడలేదు. రెండు రోజులు వెతికింది. రెండో మెయిల్ లేదు. లేనిది లేదనడానికి చెయ్యెందుకు ఆగాలి?

అప్పుడే కింద నుంచి ఫోను వచ్చింది. “మేడమ్, సరంగుగారి భార్య వచ్చింది. మిమ్మల్నే అడుగుతోంది. పేరు చెప్పి మరీ.”

కింది హాల్లో ఎప్పుడూ ఉండే జనమే. ఓడ కోసం ఎదురుచూసే మగవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో, ఒళ్ళో సర్టిఫికెట్ల సంచులతో, ఎవరు దిగి వచ్చినా లేచి నిలబడి “నమస్కారం మేడమ్” అంటూ. ఎవడి మొహం చూసినా ఒకటే భయం, ఈసారి పిలుస్తారో లేదో అని. జెనలిన్ వాళ్ళను దాటి కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ లుత్‌గార్దా, ఫెలిమోన్ భార్య. నలభై ఐదేళ్ళ మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తడిసిన గొడుగు. ఆమె కూడా లేచింది. లేచి, ముందుగా సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

“తీసుకోండి మేడమ్. బిస్కోచో. మా ఊరి బేకరీ రస్కులు.”

“అయ్యో, ఇప్పుడు ఇవన్నీ ఎందుకండీ.”

“ఉత్తి చేతుల్తో ఎట్లా వస్తాం?”

దెబ్బలాడటానికి వచ్చిన మనిషి. పడవెక్కి, బస్సెక్కి, రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిన మనిషి. చేతిలో రస్కుల పొట్లం.

ఆ మాట యాసలోనే జెనలిన్‌కు ఊరు తెలిసిపోయింది. “మీది ఇలోయిలో వైపా?”

“మియాగావ్. మీది?”

“ఓతోన్.”

“ఓతోనా! మా పక్కనేగా.” ఆమె మొహం ఒక్క క్షణం విచ్చుకుని, మళ్ళీ మూసుకుంది. మేడమ్ అన్నమాట అక్కడే వదిలేసి, తమ వైపు చిన్నదాన్ని పిలిచినట్టు పిలిచింది. “అయితే ఇందాయ్, నిన్ను సూటిగానే అడుగుతా. నా మొగుణ్ణి అబద్ధాలకోరు అన్నది ఎవరు?”

“ఎవరూ అనలేదు మానాంగ్.” అక్కా అన్న పిలుపు అప్రయత్నంగానే జెనలిన్ నోట వచ్చింది.

“ఫోన్లో అన్నారు. మీ సారు. ‘మీ ఆయన ఒక్కసారే రాశాడమ్మా, తర్వాత ఊరుకున్నాడు’ అని. ఆయనేమో ఆసుపత్రి నుంచి ‘గార్దా, నేను రెండుసార్లు రాశానే’ అని ఏడుస్తున్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మనిషి ఏడవగా నేను వినలేదు.”

“నేనే వెతికాను మానాంగ్. ఒట్టు. మొదటిది వచ్చింది. దాన్ని పనిగా రాసి సర్ పేరు మీద పెట్టాను కూడా. రెండోది రాలేదు. ఒక్కోసారి ఓడలో నెట్ సరిగా ఉండదు, పంపామనుకుంటారు గానీ...”

“పంపాడు.” లుత్‌గార్దా సంచిలోంచి ఫోను తీసింది. “నాకెట్లా తెలుసంటావా? నేను స్కూల్లో పంతులమ్మని. ఆయనకి తాళ్ళు ముడేయడం వచ్చుగానీ వాక్యం రాయడం రాదు. ఆఫీసుకు ఏది రాసినా ముందు నాకు పంపేవాడు, మర్యాదగా ఉందో లేదో చూడమని. నేను దిద్ది పంపితే అదే పంపేవాడు. మార్చి పదకొండు. పొద్దున తొమ్మిదిన్నర. విను.”

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, పిల్లలకు పాఠం చదివినట్టు గొంతు సవరించుకుని చదివింది.

“‘గౌరవనీయులైన మేడమ్‌గారికి. చాలా చాలా కృతజ్ఞతలండీ. ఎంతో పని ఒత్తిడిలో కూడా నా కిందటి ఉత్తరానికి జవాబు ఇచ్చినందుకు మీకూ మీ కుటుంబానికీ దేవుడు మేలు చేయాలి...’”

జెనలిన్ ఇక వినలేదు. ‘చాలా చాలా కృతజ్ఞతలండీ’ దగ్గరే ఆమె చెవి ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి పోవాలి. ఆమె వచ్చేసరికి ఆ ఆఫీసు మెయిల్‌బాక్స్ ఒక చెత్తకుప్ప. పదకొండు వేల మెయిళ్ళు, తెరిచినవీ తెరవనివీ కలిసిపోయి. ఎవరికి ఏది కనపడితే దానికి జవాబిచ్చేవాళ్ళు, కనపడనిది చచ్చినట్టే. జెనలిన్ మూడు నెలలు కూర్చుని దాన్ని దున్నింది. ప్రతి మెయిల్‌నీ ఒక పనిగా మార్చింది. ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి. మూడు గడులు నింపితేగానీ మెయిల్ కదలదు. గూళ్ళు కూడా మూడే: ‘చేయాలి’, ‘ఎదురుచూడాలి’, ‘అయిపోయింది’. సాయంత్రానికి మొదటి గూడు ఖాళీ అయితేనే ఆమె ఇంటికి పోయేది. ఓడల సొంతదారులు వచ్చి ఆమె తెరను ఫోటో తీసుకుని వెళ్ళారు.

ఒక్కటే చీడ మిగిలింది. కృతజ్ఞతలు. ఓడ మనిషికి ఆఫీసు నుంచి ఏ జవాబు వెళ్ళినా, ‘నోట్ చేసుకున్నామండీ’ అన్న రెండు ముక్కలు వెళ్ళినా సరే, వాడు ఊరుకోడు. మళ్ళీ ఒక మెయిల్ పెడతాడు. థాంక్యూ మేడమ్, దేవుడు మేలు చేయాలి, జాగ్రత్తగా ఉండండి. వారానికి నాలుగొందలు. అయిపోయిన ప్రతి పనీ ఆ థాంక్యూతో మళ్ళీ బతికి ‘చేయాలి’ గూట్లోకి వచ్చి కూర్చునేది. విసిగిపోయి, ఈ ఫిబ్రవరి చివర్లో ఆమె ఒక ఏర్పాటు చేసింది. ఆఫీసు నుంచి ఏదైనా వెళ్ళాక తిరిగొచ్చే మెయిల్, సంబోధన దాటగానే కృతజ్ఞతలతో మొదలైతే, మనిషి చూడనక్కర్లేదు. కంప్యూటరే దాన్ని తిన్నగా ‘అయిపోయింది’ గూట్లో పడేస్తుంది.

‘అయిపోయింది’ గూట్లో ఎవరు వెతుకుతారు? ఆమె వెతకలేదు.

లుత్‌గార్దా చదువుతూనే ఉంది. కుటుంబం క్షేమం, ఓడలో అందరి క్షేమం, కంపెనీ చల్లగా ఉండాలని ప్రార్థన. ఆ తర్వాత, అడుగున:

“‘మేడమ్, మీకు శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి. ఆ వెనక కొక్కెం ఇంకా అట్లాగే ఉంది. మూసుకున్నట్టు కనపడుతుంది గానీ పూర్తిగా కూర్చోదు. పంతొమ్మిదిన డ్రిల్లు ఉంది. కుర్రాళ్ళని దాంట్లో కూర్చోబెట్టాలంటే నాకు భయంగా ఉంది. అందుకని నేనే కూర్చుంటాను. కానీ వీలైతే అంతకు ముందే ఎవరికైనా చెప్పగలరా?’”

ఫోను కిందపెట్టింది. హాల్లో అందరూ విన్నారు. సర్టిఫికెట్ల సంచులవాళ్ళంతా నేల చూస్తున్నారు.

“ఇది రాలేదంటావా ఇందాయ్?”

“వచ్చింది,” అంది జెనలిన్. “వచ్చే ఉంటుంది. ఎక్కడుందో నాకు తెలుసు.”

“చదివారా మరి?”

“ఎవరూ చదవలేదు.” చెప్పింది, కంప్యూటరుకి తాను ఏం నేర్పిందో. థాంక్యూతో మొదలైతే తోసెయ్యమని నేర్పానని. నేర్పినందుకు శభాష్ అనిపించుకున్నానని కూడా.

లుత్‌గార్దా కళ్ళద్దాలు తీసింది. చొక్కా అంచుతో తుడిచింది.

“ఆయన నాకు పంపింది ‘కొక్కెం ఇంకా కూర్చోట్లేదు, పంతొమ్మిదిన డ్రిల్లు, కుర్రాళ్ళ బదులు నేనే కూర్చుంటా’ అని. అంతే. రెండు లైన్లు,” అంది. “నేనే తిట్టాను. ఇట్లా రాస్తారా ఆఫీసుకు, మొరటుగా? పొగరుబోతు అనుకుంటారు, వచ్చే ఏడు పిలవరు అన్నాను. పైనున్న ఆ లైన్లన్నీ నావి ఇందాయ్. ఆ కృతజ్ఞతలు నావి.”

ఏం చెప్పాలి ఆ మనిషికి? ఆ కృతజ్ఞతల వల్ల ఏమీ కాలేదని ఇక్కడ జెనలిన్ ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆమె బల్ల మీద పొట్లం చూసింది, హాల్లో లేచి నిలబడే మగవాళ్ళను చూసింది. ప్రాణం పోతోందని చెప్పడానికి కూడా ముందు దండం పెట్టాలని వీళ్ళకు ఎవరు నేర్పారు? ఒక్కసారి గొంతెత్తిన వాడి పేరు పక్కన చుక్క పెట్టి, వాణ్ణి ఏడాదిపాటు ఇదే కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్ళే కదా నేర్పింది. పంతులమ్మ నేర్చుకుంది. నేర్చుకున్న పాఠం మొగుడికి దిద్దింది. తను కూడా ఆ పాఠంలోంచే పుట్టిన ఆఫీసులో కూర్చుని, వాళ్ళ భయాన్ని చెత్త అనుకుని ఊడ్చేసింది.

“మానాంగ్,” అంది, “మర్యాదగా రాయడం తప్పు కాదు. అడుగుదాకా చదవకపోవడం తప్పు. అది నాది. మీరు ఇక్కడే ఉండండి. కాగితం తెస్తాను.”

నాలుగో అంతస్తుకు మెట్లమీదే పరిగెత్తింది. ‘అయిపోయింది’ గూడు తెరిచి ఫెలిమోన్ పేరు కొట్టింది. ఉంది. మార్చి పదకొండు, తొమ్మిది ముప్పై నాలుగు. పేరు నల్లగా, లావుగా ఉంది. ఎవరూ తెరవని మెయిల్ అట్లాగే కనిపిస్తుంది.

గూడు మొత్తాన్ని అట్లా లావు అక్షరాలు మాత్రమే చూపించమంటే, పంతొమ్మిది వందల అరవై రెండు మెయిళ్ళు.

“ఆతె చాయోంగ్,” అని పిలిచింది. ఆఫీసులో అందరికీ పెద్దక్క, యాభై ఎనిమిదేళ్ళ చాయోంగ్, కంప్యూటర్లు రాకముందు ఈ పనే కాగితాల మీద చేసిన మనిషి. మగ్గులో పంచదార కలుపుతూ వచ్చి తెర చూసింది.

“ఇన్ని థాంక్యూలా? నా పెళ్ళికి కూడా ఇన్ని రాలేదు.”

“అడుగున ఏముందో ఎవరూ చూడలేదు ఆతె.”

చాయోంగ్ చెంచా తిప్పడం ఆపింది. “మా రోజుల్లో వీటినే ముందు చదివేదాన్ని. తిట్టేవాడి ఉత్తరం ఎప్పుడు చదివినా అదే తిట్టు. దండాలు పెట్టేవాడికే ఏదో కావాలి. నువ్వు ఆ మిషనుకి పని నేర్పేటప్పుడు నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయేదే?”

“పాతకాలపు మనిషివని అడగలేదు.”

“పోనీ, నిజమైనా చెప్పావు.”

ఫెలిమోన్ మెయిల్ మూడు కాపీలు ప్రింటు తీసింది, తారీఖూ గంటా కనపడేట్టు, ఎవరూ తెరవలేదన్న గుర్తు కనపడేట్టు. రెండో కాపీ మిషనులోంచి వస్తుండగా మేనేజరు గది తలుపు తెరుచుకుంది.

ఒనోఫ్రె మెల్లగా మాట్లాడే మనిషి. ఒకప్పుడు ఓడమీద థర్డ్ ఆఫీసరు. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు, తాడులో పడి పోయాయి. కాగితం అందుకుని నిలబడే చదివాడు. అడుగుదాకా చదివాడు. మొహంలో ఏదో కదిలింది, ఆగిపోయింది.

“కూర్చో జెనా.”

“నిలబడే ఉంటాను సర్.”

“థాంక్యూలు తోసేసే ఈ ఏర్పాటు ఎవరిది?”

“నాది.”

“నేను చెప్పానా చేయమని?”

“లేదు.”

“అంటే ఇది బయటికొస్తే పోయేది ఎవరు? నాకొచ్చిన మెయిల్‌కి నేను జవాబిచ్చాను. ‘నోట్ చేసుకున్నాం’ అన్నాను. నా వైపు నుంచి పని అయిపోయింది. నీ గూట్లోనే అయిపోయిందని రాసి ఉంది, చూసుకో.”

ఆమె చూసుకుంది. నిజమే. ఫిబ్రవరి తొమ్మిది. ఏం చేయాలి: వెనక కొక్కెం సంగతి సొంతదారుల మరమ్మతు విభాగానికి చెప్పాలి. ఎవరు: ఒనోఫ్రె. ఎప్పటిలోగా: రెండు రోజులు. పక్కన పచ్చ గుర్తు.

“నోట్ చేసుకున్నారు సరే. ఎక్కడ సర్?”

“ఏమిటి?”

“నోట్ చేసుకున్నాం అంటే ఎక్కడో రాసుకోవాలిగా. ఎక్కడ రాసుకున్నారు? ఎవరికి చెప్పారు?”

అతను కిటికీ వైపు చూశాడు. వర్షంలో కింద గొడుగులు కదులుతున్నాయి.

“నీకు తెలీదు జెనా. ఓడలోంచి వచ్చిన ప్రతి గోడూ నేను పైకి పంపితే, మీవాళ్ళు గోల ఎక్కువ చేస్తున్నారు, వేరే దేశం వాళ్ళను తీసుకుందాం అంటారు సొంతదారులు. మూడొందల మంది కుర్చీల్లో ఉన్నారు కింద. వాళ్ళ కోసం కొన్ని మింగుతాను. మింగి మింగి పదేళ్ళయింది. కొక్కెం అంటే మా రోజుల్లో గ్రీజు రాసి సుత్తితో కొట్టేవాళ్ళం. అట్లాంటిదే అనుకున్నాను.” లేని వేళ్ళ చోటు రుద్దుకున్నాడు. “సంతకం పెట్టు. నువ్వూ మిగులుతావు, నేనూ మిగులుతాను. సరంగుకి ఏదో ఒక ఏర్పాటు నేను చూస్తాను.”

“ఆయనదే తప్పని రాసి ఏర్పాటు చూస్తారా?”

“ఆయన కాళ్ళు మన కాగితంతో రావు.”

“రావు. ఆయన మాటైనా ఆయనకి రానీయండి.”

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. ఒనోఫ్రె టైపు చేయించిన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. కింద తన చేత్తో, మూడేళ్ళుగా అలవాటైన పద్ధతిలోనే రాసింది. ఏం జరిగింది: సరంగు రెండుసార్లు రాశాడు, రెండో ఉత్తరం మార్చి పదకొండున వచ్చింది, ఎవరూ తెరవలేదు. ఎవరు: మొదటిది పైకి చెప్పనిది ఒనోఫ్రె. రెండోది చదవకుండా తోసెయ్యమని కంప్యూటరుకి నేర్పింది జెనలిన్ మగ్‌బానువా. ఎప్పటిలోగా: అక్కడ పెన్ను ఆగింది. ఆలోచించి రాసింది. ‘ఆ గూట్లో ఇంకా పంతొమ్మిది వందల అరవై ఒక్కటి ఉన్నాయి. అవి చదివేదాకా ఈ కుర్చీలోంచి లేవను.’

సంతకం పెట్టి ఇచ్చింది. ఒనోఫ్రె దాన్ని రెండు మడతలు పెట్టాడు.

“ఇలోయిలో వాళ్ళకి మెత్తని గొంతు, మొండి తల అంటారు,” అన్నాడు. నవ్వబోయాడు గానీ రాలేదు. “నేను సొంతదారులకు ఫోను చేయాలి. కంప్యూటరు వాళ్ళకి కూడా.”

తలుపు వేసుకుని లోపలికి పోయాడు. చాయోంగ్ ప్రింటు కాపీ ఒకటి తీసుకుని, చొక్కా లోపల దాచుకుని, కింద పంతులమ్మకు ఇచ్చి వచ్చింది. వస్తూ బిస్కోచో పొట్లం తెచ్చింది. “తినమంది. తినకపోతే ఊరుకోనంది. ఏడుస్తూ చెప్పింది, తిను.”

ఆ ఏర్పాటును తీసేసి, ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చున్నారు. పాతవాటి నుంచా, కొత్తవాటి నుంచా? చాయోంగే తేల్చింది. “పాతవాళ్ళకి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. కొత్తవి తియ్యి.”

థాంక్యూ మేడమ్, మా అమ్మాయి స్కూలు కాగితం అందింది. అడుగున ఏమీ లేదు. థాంక్యూ మేడమ్, దేవుడు మేలు చేయాలి. ఏమీ లేదు. థాంక్యూ మేడమ్. అడుగున: నాలుగు నెలలుగా పన్ను నొప్పి, రేవులో డాక్టరుకి చూపించమని కెప్టెన్‌కి చెప్పగలరా. జెనలిన్ మూడు గడులూ నింపింది. థాంక్యూ. థాంక్యూ. థాంక్యూ. అడుగున: మా వంటవాడు ఎవరితోనూ మాట్లాడటం లేదు, రాత్రిళ్ళు డెక్కు చివర ఒక్కడే నిలబడుతున్నాడు, భయంగా ఉంది. “యేసయ్యా,” అంది చాయోంగ్.

పద్దెనిమిదోది ఆ రోజు పొద్దున ఆరూ నలభైకి వచ్చింది. ఆంబర్ టర్న్ ఓడ. ఆంబర్ హెరన్‌కి తోడబుట్టింది, ఒకే యార్డులో ఒకే నెలలో కట్టిన ఓడ. రాసింది బొనిఫాస్ లకుయెస్తా అనే కుర్ర ఆఫీసరు.

‘చాలా కృతజ్ఞతలు మేడమ్, నా పుట్టినరోజుకి ఆఫీసు తరఫున శుభాకాంక్షలు పంపినందుకు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకి అది ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను.’ అట్లా ఆరు లైన్లు. అడుగున: ‘హెరన్ సంగతి విన్నాము. మా పడవ వెనక కొక్కెం కూడా అదే రకం, మొన్న చూస్తే అట్లాగే పూర్తిగా కూర్చోవడం లేదు. ఇవాళ నాలుగింటికి డ్రిల్లు ఉంది. మేమూ మనీలా టైములోనే ఉన్నాం మేడమ్. ఆపమని మీ నుంచి ఏమైనా ఆదేశం ఉందా? లేకపోతే మామూలుగానే చేస్తాము.’

గోడ గడియారం మూడూ నలభై ఎనిమిది.

జెనలిన్ వేళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. ఏం చేయాలి: డ్రిల్లు ఆపాలి. ఎప్పటిలోగా: ఇప్పుడే. ఎవరు? ఆ గడిలో ఒనోఫ్రె అని మొదలుపెట్టి, చెరిపేసి, తన పేరు కొట్టింది. పంపు అని నొక్కింది.

తెర తెల్లబడింది. మధ్యలో చిన్న పెట్టె. మీకు అనుమతి లేదు, మీ పై అధికారిని సంప్రదించండి.

“చేసేశాడు ఫోను, కంప్యూటరు వాళ్ళకి,” అంది చాయోంగ్.

“నీది తెరువు ఆతె, నీ కంప్యూటరు!”

“నాకు మెయిల్ ఎప్పుడిచ్చారే? నాకిచ్చింది ప్రింటరు ఒక్కటే.” అంటూనే ఆమె బల్ల కింది అరలోంచి ఒక రేకుడబ్బా లాగింది. పసుపు పచ్చని అట్టకార్డులు, ఓడకొకటి. పారేయమని మూడుసార్లు మెమో వచ్చింది ఆమెకి. మూడుసార్లూ ‘నోట్ చేసుకున్నానండీ’ అని రాసి మళ్ళీ అరలోనే పెట్టింది. “ఓడల నంబర్లు మారవు. ఆంబర్... ఆంబర్... ఇదిగో, టర్న్. నంబరు పెద్దది, నెమ్మదిగా నొక్కు.”

బల్ల మీది ఫోను ఎత్తి జెనలిన్ నంబర్లు నొక్కింది. ఒకసారి తప్పింది. రెండోసారి చాయోంగ్ ఒక్కో అంకె చదువుతుంటే నొక్కింది. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎక్కడో, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు, గంట మోగడం మొదలైంది. మోగింది. మోగింది. మూడూ యాభై ఐదు. ఎత్తరేం?

ఎత్తారు.

“నమస్కారమండీ, ఆంబర్ టర్న్. ఫోను చేసినందుకు చాలా కృతజ్ఞతలండీ.” కుర్ర గొంతు. వెనక గాలి హోరు, ఎవరో లెక్కపెడుతున్న కేకలు.

“మనీలా ఆఫీసు నుంచి. జెనలిన్‌ని. బొనిఫాస్ ఎక్కడ?”

“ఓ, జెనా మేడమ్! సర్ పడవ దగ్గర ఉన్నారు మేడమ్. ఇవాళ కొంచెం ముందే మొదలుపెట్టేశాం, వాన వచ్చేట్టుందని. పడవ బయటికి తిప్పేశారు. మనవాళ్ళు నలుగురు ఎక్కి కూర్చున్నారు, ఇప్పుడే దించుతున్నారు.” ఆ గొంతులో ఎంతో వినయం, ఎంతో సంతోషం. “ఏమైనా చెప్పాలా మేడమ్? చెప్పండి, నోట్ చేసుకుంటాను.”